తలుపు పట్టని జిల్లా

అభిషేక్ ఫోన్ చేసినప్పుడు నేను తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాను. నదుల పాఠం. ముగ్గురు గోదావరిని తీసుకుపోయి అరేబియా సముద్రంలో కలిపేశారు.

"సర్, మేడం మోడల్ సంగతి మాట్లాడాలి," అన్నాడు.

మేడం అంటే నా భార్య హెలెన్. యూనివర్సిటీ భూగోళ శాఖలో పటాలు గీసే ఉద్యోగం చేసేది. గుడ్ ఫ్రైడేకి ముందు వారం చనిపోయింది. అభిషేక్ ఆమె దగ్గర పటాలు గీయడం నేర్చుకున్నవాడు. ఇప్పుడు అదే శాఖలో పాఠాలు చెబుతున్నాడు.

"ఆ గదిలోకి కంప్యూటర్లు వస్తున్నాయి సర్. సోమవారం వైరింగ్ మొదలుపెడతారు. మోడల్ తీసెయ్యాలి. స్క్రాప్‌కి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. మీ స్కూల్లో పెట్టుకుంటారేమోనని..."

"పెట్టుకుంటాం," అన్నాను.

"థాంక్యూ సర్. శనివారం ట్రాలీ ఆటో మాట్లాడతాను. మనుషుల్ని కూడా చూస్తాను."

"అభిషేక్, ఆ గది తలుపు ఎప్పుడైనా కొలిచావా?"

"తలుపా? ఎందుకు సర్?"

"శనివారం వస్తాను," అని ఫోన్ పెట్టేశాను. తలుపు సంగతి ఎవరికీ చెప్పనని హెలెన్‌కి మాటిచ్చాను. ఆ మాట ఇంకా ఉన్నట్టా, తీరినట్టా అన్నది నాకు తేలలేదు.

ఆ మోడల్ ములుగు జిల్లాది. కింద ప్లైవుడ్, దాని మీద ఇనుప జాలీ, జాలీ మీద పీవోపీతో చేసిన గుట్టలు, లోయలు, వాగులు. టేకు అడవికి రంగు వేసిన స్పాంజి ముక్కలు, వెదురు పొదలకి చీపురు పుల్లలు. గోదావరి ఒడ్డున వేసిన ఇసుక నిజంగా గోదావరి నుంచి తెచ్చిందే. హెలెన్ దాన్ని మా వంటింటి జల్లెడతో జల్లించింది. ఆ తర్వాత కొన్నాళ్ళు మా చపాతీల్లో కూడా గోదావరి పంటికి తగిలింది.

కోస్తా నుంచి వచ్చిన మాకు ఆ అడవి జిల్లాతో ఏం పని అని చాలామంది అడిగేవాళ్ళు. హెలెన్ వాళ్ళ తాతగారు గోదావరి అవతల వెంకటాపురంలో బడిపంతులుగా పనిచేశారు. అప్పట్లో ఆ ప్రాంతం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. తర్వాత ఖమ్మంలో కలిసింది, తర్వాత భూపాలపల్లిలో, ఆ తర్వాత ములుగులో. "వెంకటాపురం ఎక్కడికీ పోలేదండీ. జిల్లాలే దాని దగ్గరికి వచ్చి పోతున్నాయి," అనేది హెలెన్.

మోడల్ మొదలుపెట్టినప్పుడు అది భూపాలపల్లి జిల్లా. పని సగం పైగా అయ్యాక ప్రభుత్వం దాన్ని విడదీసి ములుగును కొత్త జిల్లా చేసింది. హెలెన్ ఒక మధ్యాహ్నం విద్యార్థుల్ని పిలిచి, కొత్త గీత వెంట మోడల్‌ని కోయించింది. భూపాలపల్లి వైపు ముక్కని ఆ ప్రాంతపు పిల్లలున్న ఒక హాస్టల్‌కి ఇచ్చేసింది. ఆ ముక్క బయటికి పోతున్నప్పుడు తలుపుకి గీసుకుపోయిందట. అప్పుడు అందరూ వెనక్కి తిరిగి మిగిలిన పెద్ద ముక్క వంక చూశారట.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే నవ్వడం మొదలుపెట్టింది. "ఏమండీ, జిల్లా అంతా కొలిచాం. వాగుల్ని కొలిచాం, గుట్టల్ని కొలిచాం. తలుపుని కొలవలేదండీ! అది ఆ గదిలోంచి జన్మలో బయటికి రాదు." నవ్వి నవ్వి సోఫాలో కూలబడింది. "మీరెవరికీ చెప్పకండి. ఇంతమంది డాక్టరేట్ల పరువు."

నేను చెప్పలేదు. మా అమ్మాయి హన్నాకి కూడా చెప్పలేదు.

హన్నా మల్కాజ్‌గిరిలో ఉంటుంది. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక ఫోన్ చేస్తుంది. ఆ రోజూ చేసింది.

"తిన్నావా నాన్నా?"

"ఇంకా లేదు. తింటాను."

"ఏం చేసుకున్నావు?"

"చారు పెట్టాను."

"బాగున్నావా?"

"బాగున్నాను."

 ఆమె వంటింట్లో కుక్కర్ కూతవేసింది. "ఉంటాను నాన్నా," అంది. మా సంభాషణ ఏప్రిల్ నుంచి ఇంతకు మించి పెరగలేదు. నేనింకేదైనా చెబుతానని హన్నా ఎదురుచూస్తుందని తెలుసు. నేను ఏదైనా చెబితే తనూ ఏడుస్తుందని, అప్పుడు నేనేం చెయ్యాలో నాకు తెలియదని ఊరుకుంటున్నాను.

శనివారం బడికి సెలవు పెట్టి తార్నాక నుంచి నడుచుకుంటూ క్యాంపస్‌లోకి వెళ్ళాను. ఆ దారిలో హెలెన్ రోజూ నడిచేది. పొదల్లో నెమలి అరిచింది. పొద్దున నడకకి వచ్చినవాళ్ళు ఇంకా చెట్ల కింద రాజకీయాలు మాట్లాడుకుంటున్నారు. ఆమె చనిపోయాక నేను ఆ దారిలోకి రావడం అదే మొదటిసారి. ఇంత దూరం అని ఆమె ఎప్పుడూ అనలేదు.

గదిలో అభిషేక్ ఉన్నాడు. కింద కూర్చుని టేపు చుడుతున్న వడ్రంగి ఉన్నాడు. ముషీరాబాద్ నుంచి వచ్చాడట, పేరు ఇన్నయ్య. కిటికీ దగ్గర సారలమ్మ నిలబడి ఉంది. హెలెన్ దగ్గర ఎం.ఏ. నాటి నుంచి ఉన్న అమ్మాయి, ఇప్పుడు పరిశోధన చేస్తోంది. తాడ్వాయి దగ్గర పల్లె వాళ్ళది. హెలెన్ పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో వెనక వరసలో కూర్చుని, భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయింది.

"నమస్తే సార్," అంది. 

మోడల్ మీద దుమ్ము పేరుకుంది. గుట్టలు నేననుకున్నదానికంటే ఎత్తుగా ఉన్నాయి. ఒకప్పుడు నేను అదే అడిగాను, ఇంత ఎత్తు గుట్టలు అక్కడ ఉన్నాయా అని. హెలెన్ చెప్పింది. "పొడవు, వెడల్పు ఒక కొలతలో వేస్తాం. ఎత్తుని మాత్రం దానికి ఐదింతలు చేస్తాం. ఉన్నదున్నట్టు చేస్తే మన గుట్టలు అట్టు మందం కూడా రావు. చేతికి తగలవు." ఆమెకి చేతికి తగలడం ముఖ్యం. కొత్తగా వచ్చిన ప్రతి విద్యార్థినీ కళ్ళు మూసుకోమనేది. గోదావరి మీద వేలు పెట్టించి, ఎగువ నుంచి దిగువకి నడిపించేది. ఏ వాగు ఎక్కడ కలిసిందో వేలు చెప్పాలి.

"సర్," అన్నాడు అభిషేక్ మెల్లగా. "ఒక ప్రాబ్లం. ఇది డోర్‌లోంచి పోదు."

"పోదు," అన్నాను.

"నిలబెట్టి చూసినం సార్," అన్నాడు ఇన్నయ్య. "పండబెట్టినా పోదు, నిలబెట్టినా పోదు. కిటికీకి జాలీ ఉన్నది. గీ గదిలోనే పుట్టింది, గీ గదిలోనే ఉంటనంటున్నది. ఎవరు సార్ గిది చేసింది? తలుపు చూసుకోలే?"

అభిషేక్ అతన్ని కళ్ళతో ఆపాడు. ఇన్నయ్యకి అర్థం కాలేదు. "నేనన్నది తప్పా? నా ఇంట్ల మంచం చేసినా తలుపు కొలిచే చేస్త," అన్నాడు.

"మా ఆవిడ చేసింది," అన్నాను. "నువ్వన్నది నిజమే."

ఇన్నయ్య టేపు జేబులో పెట్టుకున్నాడు. "మాఫ్ చేయుర్రి సార్. పని మాత్రం మంచిగున్నది. అస్సల్ పగుల్లేవు."

"తలుపు ఫ్రేము తీస్తే?" అని అడిగాను.

"రాతి గోడ సర్," అన్నాడు అభిషేక్. "ఫ్రేమ్ ముట్టుకుంటే ఇంజనీరింగ్ వాళ్ళు నన్ను కూడా తీసేస్తారు. కట్ చెయ్యడం తప్ప..."

"సీదా నడిమికి కోస్త," అన్నాడు ఇన్నయ్య. "రెండు ముక్కలు. ఆడ మళ్ళ జోడిస్త. ఏం ఫికర్ లేదు."

"నడిమికి కోస్తే మా ఊరి మీదికెల్లి పోతది," అంది సారలమ్మ. "గాడ మా నానమ్మ ఇల్లున్నది."

"మీ నానమ్మకు నేను కొత్తది కట్టిస్త బిడ్డా. డబుల్ బెడ్రూం."

"అందరు గట్లనే అంటరు," అంది సారలమ్మ. అభిషేక్ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కానీ పైకి రాలేదు.

"మండలాల బౌండరీ మీద కట్ చేద్దాం," అన్నాడు అభిషేక్. "లాజికల్‌గా ఉంటుంది."

"మండలాల గీత రేపు మళ్ళ మారుతది సార్. మొన్ననే ఒక కొత్త మండలం చేసిన్రు," అంది సారలమ్మ. "గోదారి మీద కోద్దాం. అవతల వాజేడు, వెంకటాపురం ఒక ముక్క. ఇవతలిదంత ఒక ముక్క. ఇవతలిది నిలబెడితే తలుపుల పడతది. నది దగ్గర పీవోపీ కూడా పల్చగనే ఉంటది."

ఇన్నయ్య వంగి కింద నుంచి చూశాడు. "పడతది," అన్నాడు.

అందరూ నావైపు చూశారు. నేను నది వైపు చూస్తున్నాను. ఆ నదికి హెలెన్ నాలుగైదు పూతలు వార్నిష్ వేసింది. ఒక పూత ఆరాక ఇంకోటి. ఆ రోజుల్లో వేళ్ళ చివరలు నీలంగా ఉండేవి. ఆ వేళ్ళతోనే అన్నం కలిపేది.

"కొయ్యొద్దు," అన్నాను.

ఇన్నయ్య నడుము నిటారు చేసుకున్నాడు.

"ఆమె చేసినట్టే ఉండాలి. లేకపోతే ఇక్కడే ఉండనివ్వండి. దీని మీద బల్ల వేసి మీ కంప్యూటర్లు పెట్టుకోండి." నా గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. తరగతిలో కూడా నేను అలా మాట్లాడను. అది సర్దుకోవడానికి మోడల్ చుట్టూ నడిచాను. తాడ్వాయి దగ్గరికి వచ్చేసరికి అడవిలో ఒక చోట బోడిగా కనిపించింది. స్పాంజి చెట్లు లేవు. జిగురు చుక్కలు మాత్రం మిగిలాయి.

"ఇది చూశారా? ఎవరో పీకేశారు," అన్నాను. "తీసుకుపోమన్నవాళ్ళు అప్పటిదాకా జాగ్రత్తగా ఉంచొచ్చు కదా."

"మేడమే పీకింది సార్," అంది సారలమ్మ.

నేను ఆగిపోయాను.

"పోయినేడు ఆగస్టు ఆఖర్ల మా దిక్కు సుడిగాలి వచ్చింది గద సార్. తాడ్వాయి, మేడారం నడుమ అడివంత పడిపోయింది. చూస్తుండంగనే వేల చెట్లు. మా నాన ఫోటోలు పంపిండు, నేను మేడంకు చూపెట్టిన. ఒక వారం ఆగి మేడం వచ్చింది. దవాఖాన నుంచి సీదా ఈడికే. చేతికి దూది అట్లనే ఉన్నది. ట్వీజర్ అడిగింది. ఒక్కొక్క చెట్టు తీసి డబ్బాల ఏసింది. నేను వద్దన్న సార్. మేడం, ఈ మోడల్‌లనన్న వాటిని ఉండనీయుర్రి అన్న."

"ఏమంది?"

"లేనిదాన్ని ఉన్నట్టు చూపిస్తే పటం కాదమ్మా అన్నది. మళ్ళీ మొలిచినప్పుడు పెట్టుకుందువుగాని అని ఆ డబ్బా నాకిచ్చింది. నా రూంల ఉన్నది."

ఆ సాయంత్రం నాకు గుర్తొచ్చింది. ఆమె ఆటో దిగి వచ్చి, మంచం మీద వాలి, "ఏమండీ, ఈరోజు టేకు దొంగతనం చేశాను. ఫారెస్టు వాళ్ళు వస్తే ఇంట్లో లేనని చెప్పండి," అంది. మందుల ప్రభావమేమో అనుకుని నేను నవ్వి ఊరుకున్నాను.

"కోసుడు కూడా మేడంకు కొత్త కాదు సార్," అంది సారలమ్మ. "జిల్లా విడిపోయినప్పుడు కోసినం గద. అప్పుడు ఇద్దరు పిల్లలు ఉండిరి, మహాదేవ్‌పూర్ దిక్కు వాళ్ళు. వాళ్ళ ఊర్లు పోయే ముక్కల ఉండె. మేడం ముందుగాల వాళ్ళను పిలిచింది. కండ్లు మూసుకొని మీ ఊరు ఎక్కడున్నదో చేత్తో చూసుకోండి, తర్వాత కోద్దాం అన్నది. వాళ్ళు చూసుకున్నరు. తర్వాత మేడం కూడా చూసుకున్నది. శానా సేపు సార్. మొత్తం ముక్క, ఒక్క వాగు ఇడవలే. కండ్లద్దాలు తీసి తుడుసుకున్నది. పీవోపీ దుమ్ము పడ్డదన్నది. కాని అప్పటికి మేమింక కోయనే లేదు."

సారలమ్మ నావైపు తిరిగింది.

"ఇంటికాడ చెప్పలేదా సార్?"

"తలుపు సంగతి చెప్పింది," అన్నాను.

"తలుపు సంగతి మేడంకి తెలుసా?" అన్నాడు అభిషేక్. "నేనప్పుడు పుణెలో ఉన్నాను. నాకెవరూ చెప్పలేదు! ఇవాళ్టి దాకా నేను ట్రాలీలు, హమాలీలు అంటూ..."

"ఎవరికీ చెప్పొద్దంది. మీ డాక్టరేట్ల పరువు పోతుందని."

ఇన్నయ్య ముందు నవ్వాడు. తర్వాత అభిషేక్. సారలమ్మ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో నేను చూడలేదు.

హెలెన్ ఎప్పుడూ అంతే చేసేది. నవ్వొచ్చేదాన్ని ఇంటికి తెచ్చేది. మిగిలింది ఎక్కడో పెట్టి వచ్చేది. ఆస్పత్రి నుంచి కూడా నర్సు ముక్కుపుడక పోవడం, పక్క మంచం ఆవిడ పచ్చడి దాచుకోవడం, ఇవే చెప్పింది. డాక్టరు ఏం చెప్పాడో నేను డాక్టరునే అడిగి తెలుసుకోవలసి వచ్చింది. అది నామీద ప్రేమ అని నాకు తెలుసు. కానీ ఆ మిగిలిన సగం ఎవరు విన్నారు అని ఇన్ని నెలలుగా అనుకుంటూనే ఉన్నాను. ఒక సంగతి ఈ అమ్మాయి విన్నది. కొంత ఈ మోడల్ విన్నది.

నేను కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. కళ్ళు మూసుకుని గోదావరి మీద వేలు పెట్టాను. హెలెన్ నాకెప్పుడూ ఇది చెయ్యమని చెప్పలేదు. నేను విద్యార్థిని కాను గదా అనుకున్నానేమో, ఎప్పుడూ అడగలేదు. వార్నిష్ చల్లగా, నున్నగా ఉంది. ఒడ్డున ఇసుక గరుకుగా తగిలింది. ఇటువైపు నుంచి ఒక వాగు వచ్చి కలిసింది, అది వేలికి చిన్న గాడిలా తెలిసింది. కొంచెం కిందికి వెళ్ళాక వార్నిష్‌లో కుంచె వెంట్రుక ఒకటి ఇరుక్కుని ఉంది. ఆమె చూసుకోలేదు, లేదా చూసి ఉండనిచ్చింది. అక్కడ కాసేపు ఆగాను. తర్వాత అవతలి ఒడ్డెక్కి వెంకటాపురం వెతికాను. వాళ్ళ తాతగారి బడి ఉన్న ఊరు. చిన్న గుండుసూది తల తగిలింది.

కళ్ళు తెరిచి, "నది మీదే కొయ్యి ఇన్నయ్యా," అన్నాను. "అవతలి ఒడ్డు నేను పట్టుకుంటాను."

"మిషన్ పెడితే అదురుతది. బ్లేడుతోనే కోస్త, జర టైం పడతది," అన్నాడు.

"పట్టనీ."

సారలమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. "మా అమ్మది వాజేడు దిక్కే సార్. ముల్లకట్ట వంతెన లేనప్పుడు పెండ్లయింది. పడవల గోదారి దాటంగ ఏడ్సిందంట. పడవ నడిపేటాయన, ఒడ్డు గాడనే ఉంటది తల్లీ, ఎప్పుడన్న రావొచ్చు అన్నడంట." చెప్పి, మోడల్ అంచు కింద చేతులు పెట్టింది.

ఇన్నయ్య ఎగువ నుంచి మొదలుపెట్టాడు. తెల్లటి పొడి రెండు ఒడ్డుల మీదా పడింది. అభిషేక్ ఊదబోతే సారలమ్మ వద్దంది, ఇసుక లేస్తుందని. కుంచెతో నెమ్మదిగా తుడిచింది. ఒంపు తిరిగిన ప్రతిచోటా ఇన్నయ్య ఆగి, బ్లేడు తిప్పుకుని, నది ఎటు పోతే అటే పోయాడు. "సీదా పోతే గంటల అయిపోతుండె. గీ నదికి సీదా నడవరాదు," అన్నాడు. కుంచె వెంట్రుక ఉన్నచోటికి వచ్చినప్పుడు నేను చెయ్యెత్తాను. కొంచెం ఇవతలగా కొయ్యమన్నాను. ఎందుకని అతను అడగలేదు.

అవతలి ఒడ్డు బరువు ఒక్కసారిగా నా చేతుల్లోకి వచ్చింది. పడిపోతుందనుకున్నాను. పడలేదు.

ముందు చిన్న ముక్క పోయింది. తర్వాత ఇవతలి పెద్ద ముక్కని పక్కకి నిలబెట్టి తీశారు. తాడ్వాయి అడవి అడ్డంగా, గుట్టలు గోడల్లోంచి పొడుచుకొచ్చినట్టుగా తలుపులోంచి నడిచిపోయింది. ఒక గుట్ట కొన మాత్రం చట్రానికి తగిలి అర అంగుళం చెదిరింది.

"ఐదింతలు పెంచితే గిట్లనే అయితది," అంది సారలమ్మ.

"ఏంది ఐదింతలు?" అన్నాడు ఇన్నయ్య. సారలమ్మ అతనికి చెప్పుకుంటూ మెట్లు దిగింది. "అంటే గీ గుట్టలన్ని ఝూటా?" అని అతను కేక వేయడం పై నుంచి వినిపించింది. "ఝూటా కాదన్నా. చేతికి తగలాలె గద!" అంది ఆమె.

మా బడి సోషల్ గదికి రెండు రెక్కల తలుపు. ముందురోజే కొలిచాను. రెండు ముక్కల్నీ బల్లల మీద పక్కపక్కన పెట్టాం. మధ్యలో సన్నని సందు. మా ప్రధానోపాధ్యాయురాలు శ్యామలాంబ గారు వచ్చి చూసి, "ఈ సందు వైట్ సిమెంటుతో పూడిస్తే కనబడదు మాస్టారూ," అన్నారు. చూద్దామన్నాను. అందరూ వెళ్ళిపోయాక ఒక గుడ్డ తడిపి గుట్టల మీద దుమ్ము తుడిచాను. సందు జోలికి పోలేదు.

ఇంటికి వచ్చేసరికి తార్నాక రోడ్డు మీద దీపాలు వెలిగాయి. చెప్పులు విడిచి లోపలికి రాగానే ఫోన్ మోగింది.

"తిన్నావా నాన్నా?"

"ఇంకా లేదు. హన్నా, మీ అమ్మ మోడల్ ఒకటి ఉండేది, గుర్తుందా?"

"ములుగు జిల్లాదా? ఏమైంది?" గొంతు జాగ్రత్తగా ఉంది.

తలుపు సంగతి చెప్పాను. వాళ్ళ అమ్మ గుమ్మంలోనే నిలబడి నవ్వడం, పరువు సంగతి, ఇన్నయ్య మంచం సంగతి. నాకు నవ్వించేలా చెప్పడం రాదు. అయినా హన్నా నవ్వింది. ముందు కొంచెం, తర్వాత ఆపుకోలేక. "తలుపు కొలవకుండానా! అమ్మా!" అంది. చాలా నెలల తర్వాత ఆ పిలుపు ఆ గొంతులో విన్నాను. నవ్వు ఆగాక ముక్కు చీదుకుంది.

"సరే నాన్నా, నువ్వు తిను. ఉంటాను," అంది అలవాటుగా.

"ఉండమ్మా," అన్నాను. "ఇది సగమే. ఇంకో సగం ఉంది. అది నాకూ ఇవాళే తెలిసింది."

 అవతల ఆమె స్టవ్ కట్టేయడం, కుర్చీ లాక్కోవడం వినిపించాయి.

"చెప్పు నాన్నా," అంది.